పదివేల ఏడు కుర్చీలు

మా మేనమామ కుర్చీల మేస్త్రీ. ఎక్కడ సభ జరిగినా మైదానంలో కుర్చీలు వేయించడం ఆయన పని, మోయడం నా పని. నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టేశాను. లెక్కలకు నేనంటే ఇప్పటికీ హడల్.

మామ పనిలో రెండే నియమాలు: గోడౌన్లో కుర్చీ మిగలకూడదు, వరసలన్నీ సమానంగా ఉండాలి. దాన్నిబట్టే ఆయన సంఖ్యలను రెండు జాతులు చేశాడు. వరసలకు లొంగేవి సాధువులు, లొంగనివి మొండివి. పన్నెండు సాధువు, ఎలా పేర్చినా పడుంటుంది. పదమూడు మొండిఘటం. బడిలో ఈ మొండివాటినే ప్రధాన సంఖ్యలంటారట. నేనక్కడిదాకా చదివుంటే ఆ పేరు మార్పించేవాణ్ణి.

ఒకరోజు కుర్చీల యజమాని పదివేల ఏడు కుర్చీలు దింపించాడు. "ఒక్క కుర్చీ మిగిలినా, ఒక్క వరస కురచైనా, రేపట్నుంచి మా బామ్మర్దే మేస్త్రీ" అన్నాడు. బామ్మర్ది అప్పుడే మీసం సవరించుకున్నాడు.

మామ రెండేసి చూస్తే ఒకటి మిగిలింది. మూడేసి చూస్తే రెండు. ఏడేసి చూస్తే నాలుగు.

"వందదాకా చూశాన్రా అల్లుడూ! ఇది మొండివాటికే మేనమామ!"

"మరెలా మామా?"

"ఎలా ఏంటి? ఒకటే వరస వేసేద్దాం."

వేశాం. తొమ్మిదివేలు నేనే ఒంటిచేత్తో మోశాను, మిగతావి ముప్పైమంది కలిసి మోశారు. వరస గేటు దాటి, సెలూన్లో దూరి, వంతెనెక్కి పక్క ఊళ్లో దిగింది. సెలూన్లో ఆగిన కుర్చీలో ఎవరో కూర్చుంటే సగం గడ్డం గీసేశారు. చివరి కుర్చీలో పెద్దాయన అక్కడ జరుగుతున్న వేరే సభకు చప్పట్లు కొడుతున్నాడు.

యజమాని వచ్చాడు. "ఏంటయ్యా ఇది?"

"వరసలండీ. అన్నీ సమానమే."

"ఒకటేగా ఉంది!"

"అందుకేగా సమానం!"

యజమాని ఓ కుర్చీని వేదికమీదికి లాక్కుని కూలబడ్డాడు. కింద పదివేల ఆరు మిగిలాయి. సరిసంఖ్య! మామ గబగబా ఐదువేల మూడేసి చొప్పున రెండు వరసలు వేయించాడు. ఐదువేల మూడు కూడా మొండిదే, ఇంక విరగలేదు. వరసలు వంతెనమీద ఆగాయి.

"మెరుగే కదండీ?"

"బామ్మర్దీ, ఆ మేస్త్రీ విజిల్ తీసుకో."

బామ్మర్ది చెయ్యి చాచాడు. నేను నడుం పట్టేసి, కూర్చుందామని ఇంకో కుర్చీ వేదికమీద పడేశాను.

"దాన్ని ముట్టకు!" మామ కేక పెట్టాడు. కింద పదివేల ఐదు! మూడుకు లొంగింది, ఐదుకు లొంగింది, ఇరవైమూడుకూ ఇరవైతొమ్మిదికీ లొంగింది. అలాంటి సాధువును నేనెన్నడూ చూడలేదు. వరసకు నూటపదిహేను చొప్పున ఎనభైయేడు వరసలు చక్కగా మైదానంలో ఒదిగాయి.

"పైన ఆ రెండోది తీసెయ్. ఇక్కడ కూర్చునేది నేనొక్కణ్ణే" అన్నాడు యజమాని.

"తీస్తే కిందే వెయ్యాలండీ. వేస్తే మళ్లీ వంతెనే."

"ఖాళీగా ఉంటే ఏం బావుంటుందయ్యా?"

"నేననేదీ అదే" అంటూ మామ అందులో కూర్చున్నాడు.

సభ ముగిసేదాకా మామ కాలుమీద కాలేసుకుని యజమాని పక్కనే ఉన్నాడు. బామ్మర్ది టీ తెచ్చి, ముందెవరికివ్వాలో తెలీక నిలబడిపోతే, మామే యజమానిని చూపించాడు.

"ముందాయనకివ్వు బాబూ. నాకు పంచదార తగ్గించి ఇంకోటి పట్రా."