పిన్ను లేని తొడుగులు

మా చాట్రాయి రోడ్డులో వెల్డింగ్ షాపు నడిపే జయకర్ అంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఈ మాట చాటుగా అన్నది కాదు, ఆయన మొహం మీదే పదిసార్లు అన్నాను. గేటు చేయించుకున్నా, ట్రాలీ తలుపు అతికించుకున్నా, అతుకు చల్లారాక సుత్తితో మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించి వింటాడు. అక్కడితో వదలడు. మర్నాడు పొద్దున్నే మోపెడ్ వేసుకుని మన ఇంటికే వచ్చి, “ఓసారి చూసి పోతానండి” అని మళ్ళీ కొడతాడు. “అన్నా, మా ఆవిడ జడ కూడా ఓ దెబ్బ కొట్టి చూడు, గట్టిగా వేసుకుందో లేదో” అని నేనంటే చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవారు.

ఆ భయానికి కారణం లేకపోలేదు. పాతికేళ్ళ కిందట మైలవరంలో పని చేసేటప్పుడు ఆయన అతికించిన ట్రాలీ కొక్కెం ఊడిపోయింది. వెనక నడుస్తున్న మనిషికి మోకాలి దాకా కాలు తీసేశారు. ఆ మనిషి తిట్టలేదట. “నీ తప్పేముందిలే” అన్నాడట. అదే ఈయన్ని తినేసింది. తర్వాత పెళ్ళయింది, కూతురు వినీల పుట్టింది, సొంత షాపు వచ్చింది, అయినా మనిషి ఆ కొక్కెం దగ్గరే ఉండిపోయాడు. ఎక్కడ బరువు పైకి లేస్తున్నా “ఆపండి! ఆపండి!” అని ఒకటే కేక. ఆ కేకకి చెట్టెక్కి కాయ కోసేవాడు కూడా కొమ్మ పట్టుకుని ఆగిపోతాడు. ఆదివారం చర్చిలో ఫ్యాను కింద కూర్చోడు.

నా పేరు బసవపున్నారావు. ప్రేమ్‌చంద్ గారి మామిడికాయల షెడ్డులో చిన్న ట్రాక్టర్ నడుపుతాను. దాని ముందు లోడర్‌కి రెండు ఇనప ముళ్ళు ఉంటాయి. ట్రేలు పేర్చిన చెక్క బల్ల కిందికి వాటిని దూర్చి, పైకెత్తి లారీలో పెట్టడం నా పని. ఈ ఏడు ప్రేమ్‌చంద్ గారు అయిదడుగుల పొడుగు బల్లలు తెప్పించారు. మా ముళ్ళు మూడున్నర అడుగులే. ఎత్తితే కొసన ఉన్న ట్రేల వరుస ఊగిపోతోంది. ముళ్ళకి పొడుగు తొడుగులు చేయించుకు రమ్మని నన్ను జయకర్ దగ్గరికి పంపారు.

“ఆరడుగులు చెయ్యన్నా” అన్నాను.

“చెయ్యను. ముల్లు మూడున్నర ఉంటే తొడుగు అయిదుంపావు దాటకూడదు. ఇంకోటి విను. బరువు ముందుకి జరిగేకొద్దీ వెనక చక్రాలు తేలిపోతాయి. ఇప్పుడెత్తేదాంట్లో సగమే ఎత్తాలి.”

“తేలితే వెనక మనుషుల్ని ఎక్కిస్తాంలే.”

మా దగ్గర అది మామూలే. వెనక లేస్తుంటే ఇద్దరు బరువైన వాళ్ళని ఎక్కించి నిలబెడతాం. ఆ మాటకి ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. “మనుషులు తూకం రాళ్ళా పున్నారావ్? భయమేసి ఒకళ్ళు దూకితే?” అన్నాడు. నేను ఎప్పటిలాగే నవ్వేశాను.

శుక్రవారం పొద్దున మూడు లారీలు వచ్చి నిలబడ్డాయి. ఎండెక్కితే బంగినపల్లి కాయ కమిలిపోతుందని ప్రేమ్‌చంద్ గారు ఫోన్లో ఒకటే అరుపు. నేను షాపుకి వెళ్తే జయకర్ లేడు, నూజివీడు వెళ్ళాడన్నారు. తొడుగులు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి. చూడ్డానికి పూర్తయినట్టే ఉన్నాయి. ట్రాలీలో వేసుకుని వచ్చేశాను.

అవి పూర్తి కాలేదు. తొడుగు వెనక చివర, ముల్లు పైకి వంగే మెడ వెనకగా అడ్డంగా ఓ పిన్ను పడాలి. అది ఉంటేనే తొడుగు ముల్లుని వదిలి ముందుకి జారిపోదు. ఆ పిన్నులు తేవడానికే ఆయన నూజివీడు వెళ్ళింది. నాకు తెలియదు. ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. చెయ్యలేదు. ముళ్ళకి ఎక్కిస్తే గ్లౌజు తొడిగినంత సులువుగా ఎక్కాయని ముచ్చటపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

లారీలో వినీల ఉంది. డిగ్రీ అయిపోయి ఈ సీజనుకి మా షెడ్డులో లోడు సర్దించే పనికి కుదిరింది. బల్ల లోపలికి వచ్చేటప్పుడు లారీ అంచున నిలబడి చేతులతో దారి చూపిస్తుంది. షెడ్డుకి రావద్దని తండ్రి చేత ఒట్టు వేయించుకుంది. అందరి ముందూ ఆయన అలా కేకలు పెడుతుంటే తనకి తలకొట్టేసినట్టు ఉంటుందట.

సగం ఎత్తమన్నాడు కదా, మేం నాలుగు ట్రేలు తగ్గించి ఊరుకున్నాం. వెనక షెడ్డు కూలీలు మల్లయ్య, బుజ్జమ్మ ఎక్కారు. ఎత్తాను. వెనక చక్రాలు ఓ క్షణం తేలి, వాళ్ళ బరువుకి దిగాయి. లారీ ఎత్తుకి లేపి మెల్లగా ముందుకి కదిలాను. ఇంకో పదడుగులు ఉందనగా గేట్లో జయకర్ మోపెడ్ కనిపించింది. వచ్చాడ్రా నాయనా అనుకుని కేక కోసం చూశాను.

కేక రాలేదు.

షాపులో తొడుగులు కనబడక ఇటే వచ్చిన ఆయన గేటు దగ్గరే చూసేశాడు. తొడుగులు అప్పటికే బెత్తెడు ముందుకి జారి ఉన్నాయి. తను అరిస్తే నేను బ్రేకు తొక్కుతాను. తొక్కితే తొడుగులు, వాటి మీద బల్ల, ట్రేలు అన్నీ కలిసి జారి ఎదురుగా నిలబడ్డ పిల్ల మీదికి పోతాయి. ఇదంతా ఆయన బుర్రలో ఎంతసేపట్లో తిరిగిందో దేవుడికే తెలియాలి. మోపెడ్‌కి స్టాండు కూడా వెయ్యలేదు, అది పక్కకి పడిపోయింది. ఆయన మాత్రం పరుగెత్తలేదు. పెళ్ళి భోజనానికి వచ్చినవాడిలా నవ్వు మొహం పెట్టుకుని నడిచి వచ్చాడు. బరువు పైకి లేచి ఉండగా ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

“మళ్ళీ వచ్చావా నాన్నా!” అంది వినీల పైనుంచి.

“పోతాలేమ్మా. అటు కేబిన్ వైపు ఏదో ట్రే పడినట్టుంది, చూసిరా.”

“ఏం పడలేదు.”

“చూసిరా తల్లీ.”

ఆ అమ్మాయి విసుక్కుంటూ లోపలికి వెళ్ళింది. ఆయన నా చక్రం పక్కనే నడుస్తూ, “పున్నారావ్, బ్రేకు తొక్కమాక. క్లచ్ మెల్లగా నొక్కు, దానంతటదే ఆగుద్ది” అన్నాడు.

“ఏమైందన్నా?”

“ఏం కాలేదు. ముళ్ళ కొసలు పైకి లేపి బల్లని నీ వైపు వాల్చు. కొంచెం. ఇంకొంచెం. చాలు.”

గొంతు మెత్తగానే ఉంది, గడ్డం మాత్రం వణుకుతోంది. వెనక మల్లయ్యకి అనుమానం వచ్చి ఓ కాలు కిందికి దించబోయాడు.

“మల్లయ్య గారూ, దిగకండి బాబూ. బుజ్జమ్మ గారూ, ఆయన చెయ్యి పట్టుకోండి.”

“చెయ్యి పట్టుకోవడమేంటి, చోద్యం!” అంటూనే బుజ్జమ్మ పట్టుకుంది.

అప్పుడు నేను ముళ్ళ వైపు చూశాను. మెడ దగ్గర ముల్లు బయటికి కనిపిస్తోంది. పిన్ను ఉండాల్సిన చోట ఏమీ లేదు. లివర్ మీద చెయ్యి చెమటకి జారుతోంది. ఇరవై ఏళ్ళు బండి నడిపిన నాకు, కిందికి దించడానికి లివర్ ఎటు తొయ్యాలో గుర్తు రాలేదు.

“ముందుకి తొయ్. మెల్లగా. ఆపమాక, అట్టాగే దించు” అన్నాడు ఆయన.

నడుం ఎత్తుకి దిగేసరికి పై వరుసలో ఓ ట్రే జారి కింద పడింది. కాయలు దొర్లాయి. బుజ్జమ్మ కెవ్వుమంది. చప్పుడుకి వినీల మళ్ళీ అంచుకి వచ్చేసింది. ఆయన తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. “కాయలేగా, పోనియ్. నువ్వు దించు” అన్నాడు నాతో. బల్ల నేలకి తాకింది.

“ఇప్పుడు వెనక్కి రా.”

వచ్చాను. నా ముళ్ళు మాత్రమే వచ్చాయి. తొడుగులు రెండూ బల్ల కిందే ఉండిపోయాయి.

జయకర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. వినీల లారీ దిగి పరుగున వచ్చింది. ఏదో గట్టిగా అనబోయి ఆగిపోయింది. ఆయన ప్యాంటు ముందంతా తడిసిపోయి ఉంది.

“చూడమాకమ్మా” అన్నాడు, తల దించుకుని.

ఆ పిల్ల చున్నీ తీసి, ఆయన్ని లేపి, నడుం చుట్టూ పంచెలా చుట్టి ముడేసింది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. “పద నాన్నా, ఇంటికెళ్దాం” అని చెయ్యి పట్టుకుంది.

నేను దిగి వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడాలనుకున్నాను. సీట్లోనే ఉండిపోయాను. గేటు దాకా వెళ్ళిన వినీల ఆగి నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

“బాబాయ్, ఇంక ఇంజన్ ఆపెయ్” అంది.

అది ఇంకా నడుస్తూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.