గంటలు లెక్కచెయ్యని మన్మథరావు మావ

మా మన్మథరావు మావ ముందు ఎవరైనా ‘నాకు ఇన్నేళ్ల అనుభవం ఉంది’ అంటే చాలు, ఆయనకు ఆవులింత వచ్చేస్తుంది. ఆవులింత పూర్తయ్యాక ఒకటే మాట: “సేసి సూపించు.”

ఆయన పలాసలో జీడిపప్పు బట్టీకి మేస్త్రి. ఒకసారి టెక్కలి నుంచి ఒక డ్రైవరు ఇరవై ఏళ్ల సర్వీసు కాగితాలు పట్టుకుని పని కోసం వచ్చాడు. మావ ఆ కాగితాలతో విసురుకుంటూ జీపెక్కి, అక్కుపల్లి దారిలో ఉన్నట్టుండి “గేదె! గేదె!” అని అరిచాడు. లేని గేదెను తప్పించబోయి డ్రైవరు జీపును చేలోకి దింపేశాడు. “రేపు రా,” అన్నాడు మావ, బురదలో చెప్పులు వెతుక్కుంటూ. క్షౌరం చేసే కూర్మయ్య కూడా ముందు ఒక పక్క మీసం కత్తిరించి చూపించాలి. నచ్చకపోతే రెండో పక్క మర్నాడే. మావ ఒంటి పక్క మీసంతో సంతకెళ్లిన రోజులు నాకు బాగా గుర్తు.

2007లో నేను పైలట్‌నయ్యాను. అయ్యానని నేననుకున్నాను. రెండొందల గంటలు ఎగిరినట్టు రాసుకున్న లాగ్‌బుక్కును పెళ్లిళ్లకు కూడా చంకలో పెట్టుకెళ్లేవాణ్ణి. నన్ను తీసుకున్న విమాన సంస్థ సరిగ్గా అప్పుడే పద్ధతి మార్చింది. ఎన్ని గంటలు ఎగిరావని అడగం, ఆపదలో ఏం చెయ్యగలవో చూస్తామంది. సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి విమానంలో కూర్చోబెట్టి ఒక ఇంజను ఆపేశారు. పక్క సీట్లో కెప్టెన్ ఉన్నాడు. ఆయనతో ఒక్క మాటా మాట్లాడకుండా, చెమటలు కక్కుతూ అన్నీ నేనే చేసి, విమానాన్ని నిక్షేపంగా సముద్రంలో దింపాను. ‘సాయం అడగడం రాదు’ అని రాశారు. రెండు వారాల్లో ఇంకొక్క అవకాశం. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే.

పలాస వచ్చి మావకు లాగ్‌బుక్కు చూపించాను. ఆవులించాడు.

“సేసి సూపించు అల్లుడా.”

“ఇక్కడ విమానం ఎక్కడ దొరుకుతుంది మావా?”

“జీపు నేదేటి?”

బారువ ఒడ్డున జీపు ఆపి, ముందు అద్దానికి తువ్వాలు అడ్డం కట్టాడు. పక్క సీట్లోంచి తల బయటపెట్టిన తవిటమ్మకు మాత్రమే దారి కనిపిస్తుంది. ఆమె బట్టీలో జీడిపిక్కలు కొట్టే మనిషి. నేను ఇసకలో నూరు గజాలు పోయి ఆపాలి. రెండొందల గంటలవాణ్ణి, ఆమెను అడుగుతానా? తిన్నగా పోయి, ఆరబెట్టిన ఎండుచేపల మీద ఆపాను. చేపల తాలూకు ఆడవాళ్లు నా ఏడు తరాలనూ పలకరించారు.

“రేపు రా,” అన్నాడు మావ.

మర్నాడు తవిటమ్మ మీద కేకలేశాను. ఆమె మూతి ముడుచుకుంది. జీపు కెరటాల్లోకి పోయింది. ఇలా ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు నా పొగరు దిగి, “తవిటమ్మా, నాకేమీ కనబడడం లేదు. నువ్వే చెప్పు,” అన్నాను.

“ఈ మాట తొలీతే అనుంటే సెప్పీదాన్ని కాదేటి బాబూ!” అంది. జీపు చెప్పినచోట ఆగింది.

సిమ్యులేటర్‌లో కెప్టెన్‌తోనూ అదే మాట అన్నాను, ఇంగ్లీషులో. ఉద్యోగం నిలిచింది.

మిఠాయితో బట్టీకి వెళ్లి తవిటమ్మ దగ్గర గొప్పలు పోయాను. “తొమ్మిది రోజుల్లో నెగ్గాను. మావ పరీక్షలో ఓడి వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉంటారు కదా?”

“ఎవులూ నేరు బాబూ. పనొచ్చీదాకా రేపు రా అంతాడు గానీ, పొమ్మనడు. నాను సేరినప్పుడు నెల్లాళ్లు పప్పంతా ముక్కలే సేసీదాన్ని. యజమాని సూత్తే ఎల్లగొట్టీసును. ఆ ముక్కలన్నీ మీ మావే గుట్టుగా తినీసీవోడు. నాకు పనొచ్చింది, ఆయనకి బొజ్జొచ్చింది.”

తలెత్తి చూశాను. కొత్తగా చేరిన బొడ్డమ్మ పక్కన నిలబడి మావ రెండు బుగ్గలూ నింపుకుని నములుతున్నాడు. ఆ మనిషి మీద నాకు పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

నా మొదటి విమానంలో ఆయన్ను ఎక్కించాలని కంపెనీకి ఫోన్ చేశాను. సీటు బెల్టు చాలనివాళ్లకు తగిలించడానికి అదనపు బెల్టు ఉంటుందట. రెండు తీసి ఉంచమన్నాను.