గోడవైపు తలుపులు

తెనాలిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా కూర్చుని ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. నేను రాసిన కాగితంలో సందు దొరికిందని ఇంతవరకు ఒక్క ప్లీడరూ అనలేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి. ఆ గొప్పే నాలుగేళ్ల కిందట నన్ను నిలువునా ముంచింది. ఆ మునక గురించే చెబుతున్నాను.

బాపట్లలో ప్రకాశరావుగారనే రిటైరైన మాస్టారు తన కారు అమ్ముతున్నారని తెలిసింది. చూడడానికి బయలుదేరుతుంటే మా ఆవిడ సుశీల అడ్డొచ్చింది. ఆమె పుట్టిల్లు రేపల్లె. ఆమె తమ్ముడు రాజేష్‌కి అక్కడ కార్లకు రంగులేసే షెడ్డు ఉంది.

"ఏమండీ, మా తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి. చేత్తో తడిమి చూసి చెప్పేస్తాడు."

"కారుదేముందే? కాగితం గట్టిగా ఉండాలి. కాగితం సంగతి మీ తమ్ముడికేం తెలుసు?"

"సరే, మీ ఇష్టం. ఆదివారం వాడొస్తున్నాడు. ఆ కారులోనే సూర్యలంక బీచికి వెళ్దాం. అప్పుడే చూస్తాడు."

అలా నా పరువు ఆదివారానికి వాయిదా పడింది. లోకం ముందు తల వంచినా ఫరవాలేదు గానీ బామ్మర్ది ముందు వంచలేను. పెళ్లయినవాళ్లకి ఈ బాధ నేను వివరించక్కర్లేదు.

మాస్టారి ఇంటి ముందు ఇరుకు వసారాలో తెల్లకారు ఎడమవైపు గోడకు ఆనుకుని ఉంది. కుడివైపు నుంచి చూశాను. అప్పుడే ఉతికిన పంచెలా ఉంది. ఇంజను ఆన్ చేయించి విన్నాను. బాగానే ఉంది.

"బయటికి తీస్తానుండండి. రెండోవైపు కూడా చూద్దురుగాని," అన్నారు మాస్టారు.

"ఎందుకండీ శ్రమ? ముందు పత్రం రాసుకుందాం."

కారుకు ఐదు నిమిషాలు, పత్రానికి రెండు గంటలు పట్టింది. 'సదరు వాహనాన్ని నలువైపులా స్వయంగా పరిశీలించి, పూర్తిగా తృప్తి చెంది, ఉన్నది ఉన్నట్టుగా కొనుచున్నాను' అని రాశాను. నలువైపులా అట! చూసింది ఒకవైపు. కానీ కలం పట్టుకుంటే నాకు ఒళ్లు తెలియదు. 'ఇకమీదట సదరు వాహనం విషయంలో విక్రేతకు గానీ, వారి వారసులకు గానీ ఎటువంటి ప్రమేయమూ లేదు' అని కూడా చేర్చాను. పొలాల దస్తావేజుల్లో రాసి రాసి అలవాటైన చెయ్యి.

మాస్టారు శ్రద్ధగా విన్నారు. "ఇంకో మాట రాయండి బాబూ. రంగులో ఏదైనా తేడా కనబడితే పదిహేను రోజుల్లోపు నా ఖర్చుతోనే చేయించి ఇస్తానని. సముద్రపుగాలి ఊరు కదండి."

రాశాను. చదువుకుంటే పట్టుచీరకు గోనెపట్టా మాసిక వేసినట్టనిపించింది. కొట్టేశాను. కొట్టేసినచోట ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాక, చివర 'కొట్టివేత ఒకటి' అని పద్ధతిగా నమోదు చేశాను.

"అదేంటండి, మీకు పనికొచ్చే మాటేగా?"

"దస్తావేజులో ఇలాంటి ఇంటి మాటలు ఉండకూడదండి. బలం తగ్గిపోతుంది."

ఎవరి బలం అని ఆయన అడగలేదు. నాకూ తోచలేదు.

తెనాలి వచ్చాక సుశీల దిష్టి తియ్యడానికి గుమ్మడికాయతో కారు చుట్టూ తిరిగింది. ఎడమవైపుకు వెళ్లి ఆగిపోయింది.

"ఏమండీ, ఇదేంటి? అటువైపు పాలు, ఇటువైపు మజ్జిగ!"

వెళ్లి చూశాను. గోడవైపు తలుపులు రెండూ వేరే తెలుపు. కింది అంచున రంగు అప్పడంలా పొంగి ఉంది. గోరు తగిలితే పెచ్చు ఊడొచ్చింది.

మర్నాడే తెలిసిన ప్లీడరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పత్రం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"ఎవరు రాశారండి ఇది? అద్భుతం. గాలి కూడా దూరదు."

"నేనేనండి," అన్నాను. సిగ్గేసింది. కొంచెం సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు!

"కంటికి కనబడే లోపం. చూసే కొన్నానని మీరే రాశారు. ఆయన దాచిపెట్టాడని చెప్పగలరా?"

"బయటికి తీసి చూపిస్తానన్నారండి. నేనే వద్దన్నాను."

"పోనీ వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే ఆయన కార్ల వ్యాపారి కాదు, సొంత బండి అమ్ముకున్న మనిషి. అక్కడా కష్టమే. ఇదిగో, ఈ ఒక్క వాక్యం ఉండుంటే మీకు దారి ఉండేది," అంటూ వేలు పెట్టి చూపించారు. నేను కొట్టేసిన వాక్యమే.

ఇక మిగిలింది మాస్టారి మంచితనం. బాపట్ల వెళ్లి చేతులు నలుపుకుంటూ చెప్పాను.

"అయ్యో, దానికేముందండి, చేయించేవాణ్ణే," అన్నారాయన నిజంగా నొచ్చుకుని. లోపలికి వెళ్లి తన నకలు తెచ్చి చదివారు. "కానీ ఈ వాహనంలో నాకూ నా వారసులకూ ప్రమేయం లేదని రాశారు కదా బాబూ. ఇప్పుడు రంగు వేయిస్తే ప్రమేయం పెట్టుకున్నట్టవదూ? మా అబ్బాయికి కూడా చెప్పేశాను, ఆ కారు జోలికి వెళ్లొద్దని."

ఆయన వేళాకోళమాడటం లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరం తప్పకూడదని చెప్పిన మనిషి.

"అన్నట్టు మా తమ్ముడు స్కూటరు అమ్ముతున్నాడండి. కాగితం మీ చేతే రాయించుకోవాలని ఆశపడుతున్నాడు."

ఆదివారం రాజేష్ వచ్చాడు. కారును గోడకు ఆనించే పెట్టాను. వాడు కుడివైపు చూడనైనా చూడలేదు. గోడకూ కారుకూ మధ్య చెయ్యి దూర్చి తడిమి, "బావగారూ, రెండు తలుపులూ మళ్లీ రంగు వేసినవే. రేపల్లె పంపించండి, నేను చూసుకుంటాను," అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

సుశీల మాత్రం ఊరుకోలేదు. తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టి, చెప్పింది చెప్పినట్టు రాయమంది. 'పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా' అని మొదలుపెట్టబోతే కలం పట్టుకుని ఆపింది. అందుచేత ఆ ప్రమాణ పత్రం ఇంతే ఉంది:

ఇక ముందు ఏది కొన్నా దాని చుట్టూ తిరిగి చూస్తాను. మా బామ్మర్దిని వెంట తీసుకెళతాను. సాక్షి: నా భార్య. కొట్టివేతలు లేవు.