ఉంగరపు వేలి పట్టుదల

నా కుడిచేతి ఉంగరపు వేలు ఈరోజుకీ పూర్తిగా మడవదు. పిడికిలి బిగిస్తే మిగతా వేళ్ళు అరచేతిని తాకుతాయి. అది మాత్రం గింజంత దూరంలో ఆగిపోయి, పెళ్ళిలో అలిగిన బంధువులా పక్కకు చూస్తుంది. ఏమైందని అడిగినవాళ్ళకు రైలు తలుపు సందులో పడి నలిగిందని చాలాకాలం చెప్పాను. రైలు తలుపు మీద వేసిన ఆ నింద అబద్ధం. ఎవరూ నలపలేదు. నెలనెలా రుసుము కట్టి, టవలు భుజాన వేసుకుని వెళ్ళి, నా అంతట నేనే తెంపుకున్నాను.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. గనులు మూతపడేనాటికి నేను కాలేజీలో చదువుతున్నాను. మా నాన్న భూమి లోపల డ్రిల్లింగ్ మిషను పట్టిన మనిషి. నేను బెంగళూరులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే మనిషిని. తెల్లవారకముందే రైలెక్కుతాను, పొద్దుపోయాక దిగుతాను. మా రైల్లో చాలామంది గనికార్మికుల కొడుకులే. మేం కూడా షిఫ్టుకే పోతున్నామని, గని ఒక్కటే మారిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఈ మాట ఒకసారి ఇంట్లో అంటే మా నాన్న తలెత్తకుండానే, "నీ గనిలో ఫ్యాన్లు ఉండాయి కదప్పా," అన్నాడు.

కథ మొదలైంది మాలూరులో, మా ఆవిడ తరఫు బంధువుల పెళ్ళి రిసెప్షన్‌లో. ఆమె తమ్ముడిది లక్కూరు. ఆరు ఆవులున్నాయి. పొద్దునా సాయంత్రం చేత్తో పాలు పిండి డెయిరీకి పోస్తారు. అతను స్టేజీ దిగి వస్తూ నన్ను చూసి చెయ్యి చాచాడు. నేనూ చాచాను. తర్వాత ఏం జరిగిందో నాకు గుర్తు లేదు కానీ పెళ్ళి వీడియోకు బాగా గుర్తుంది. నా మోకాళ్ళు వంగాయి, నోరు తెరుచుకుంది, మెడ ఒక పక్కకు పోయింది. వీడియో తీసేవాడు అది చూసి కెమెరా దగ్గరికి తెచ్చాడు. బామ్మర్ది నవ్వుతూ, "ఏమి బావా, చెయ్యి ఇంత మెత్తగా ఉండాది, వెన్నతో చేసినారా?" అన్నాడు. ఆ మాట కూడా చక్కగా రికార్డయింది. మా అత్తగారింట్లో ఎవరొచ్చినా ఆ వీడియో పెట్టేవారు. వధూవరుల మీద తలంబ్రాలు పడే చోట ముందుకు తిప్పేసి, నేను వంగే చోట ఆపేవారు.

నలభై రెండేళ్ళవాడికి అంత రోషం పనికిరాదు. కానీ వచ్చింది.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక పాత రేకుల గోడౌనులో జిమ్ము ఉండేది. గోడల నిండా నొప్పిని పొగిడే ఇంగ్లీషు బోర్డులు. దాన్ని నడిపే కోచ్ మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియని మనిషి. నా చెయ్యి పట్టుకుని, చచ్చిన చేపను చూసినట్టు చూశాడు.

"పట్టు లేకుంటే ఏమీ లేదు బ్రదర్. బాడీ యాడ మొదలవుతాది? వేళ్ళలో మొదలవుతాది," అన్నాడు.

ఇది అతను ఎక్కడ చదివాడో నేను అడగలేదు. అంతకుముందు నా బాడీ ఎక్కడ మొదలవుతుందో నేను ఆలోచించి కూడా లేదు. ఆరోజునుంచి ఐదు నెలలు నేను వేళ్ళ కోసమే బతికాను. స్ప్రింగున్న గ్రిప్పరు ఒకటి కొని రైల్లో పిండుతూ కూర్చునేవాణ్ణి. అది ప్రతిసారీ కీచుమనేది. ఎదుటి సీటులో రోజూ నిద్రపోయే పెద్దాయన మూడో రోజున కళ్ళు తెరవకుండానే, "దానికి రవ్వంత నూనె అన్నా ఎయ్యప్పా, పండుకునేదానికి లేకుండా పోయింది," అన్నాడు. నూనె వేశాను. తర్వాత అది చేతిలోంచి జారి పక్కావిడ టిఫిను డబ్బాలో పడింది.

ఇంట్లో రాగుల డ్రమ్ములో చెయ్యి గుచ్చి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉండమని కోచ్ చెప్పాడు. బియ్యమైతే ఇంకా మంచిదట. మా ఆవిడ ఒకరోజు వంటింట్లోకి వచ్చేసరికి నేను మోచేతి దాకా రాగుల్లో ఉన్నాను.

"ఏమి పోగొట్టుకున్నావు?" అని అడిగింది.

"ఏమీ లేదు. ఎక్సర్‌సైజు."

ఆమె డ్రమ్ములోకి తొంగిచూసింది. "చేతులు కడుక్కున్నావా లేదా అది చెప్పు ముందర. మనుషులు తినాల ఆ రాగులు," అని వెళ్ళిపోయింది.

ఎందుకు చేస్తున్నానో ఆమెకు చెప్పలేదు. వాళ్ళ తమ్ముడి చెయ్యి నలపడానికి అని ఏ మొహం పెట్టుకుని చెబుతాను?

నిజం చెప్పాలంటే పట్టు పెరిగింది. అదే నా కొంప ముంచింది. మొదట్లో కదలని గ్రిప్పరు నాలుగో నెలకు మూసుకుపోయింది. ఆఫీసులో వాటర్ క్యాను మూతలు నేనే తీస్తానని ముందుకెళ్ళేవాణ్ణి. ఒకరిద్దరితో కావాలనే చెయ్యి కలిపాను. వాళ్ళ మొహాలు చూసి రైల్లో ఇంటిదాకా నాలో నేను నవ్వుకున్నాను. ఆ రోజుల్లో నేను ఎంత వెగటు మనిషినో నాకిప్పుడు తెలుస్తోంది.

ఐదో నెలలో కోచ్ నన్ను చెక్క దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడకు తలకంటే ఎత్తులో బిగించిన సన్నని చెక్కపట్టీ అది. వేళ్ళ చివర్లు మాత్రమే ఆనతాయి. దాన్ని పట్టుకుని వేలాడాలి. అతను పక్కన నిలబడి సెకండ్లు అంటున్నాడు. నాకు కళ్ళ ముందు లక్కూరు బామ్మర్ది మొహం కనబడుతోంది. "ఇంగ ఐదు బ్రదర్, ఇంగ ఐదే," అన్నాడు కోచ్. మూడో సెకండులో నా వేలి లోపల టప్ మని రబ్బరుబ్యాండు తెగినట్టు శబ్దమైంది. కింద పడ్డాను. శబ్దం అతనికి కూడా వినబడింది. బయటనుంచి వచ్చిందేమోనని వీధి వైపు చూశాడు.

"టేపు చుట్టు బ్రదర్. రెండు దినాలకు సరిపోతాది."

టేపు చుట్టాను. రెండు రోజులు కాదు, వారం రోజులు టేపుతోనే వెళ్ళి పిండాను. అక్కడికి నా తెలివి ఎంతో అర్థమైపోవాలి. వేలు అడుగున వాచి, నీలంగా మారి, ముల్లంగిలా తయారైంది. ఆఫీసులో కీబోర్డు మీద ఆ వేలు కొట్టాల్సిన అక్షరాలు ఓ, ఎల్. నాకు వచ్చే ఫారాల్లో సగం మా జిల్లావే. కోలారు అని ఇంగ్లీషులో కొట్టాలంటే ఆ రెండూ కావాలి. వారం పాటు మా జిల్లా పేరు రకరకాలుగా కంప్యూటర్లోకి ఎక్కింది. సూపర్‌వైజరు నన్ను పిలిచి, మీ సొంత జిల్లా పేరు కూడా రాదా అని అడిగాడు. బల్ల కింద చెయ్యి దాచుకుని, వస్తుంది సార్ అన్నాను.

చివరికి మా ఆవిడే ఒక శనివారం నన్ను బస్సెక్కించి కోలారు పక్కనున్న తమకలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన వేలును అటూ ఇటూ తిప్పి, స్కానింగు చూసి, కన్నడంలో అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. అక్కడ అందరం అలాగే మాట్లాడుకుంటాం.

"బరువేమైనా మోశారా?"

"నన్నే మోసినాను సార్."

ఆయన కలం కింద పెట్టాడు. సంగతంతా చెప్పాల్సి వచ్చింది, చెక్క, గోడౌను, ఐదు నెలలు. ఒక్క బామ్మర్ది ముక్క మింగేశాను. డాక్టరు ఓపిగ్గా విన్నాడు. ప్యాంటుకు బెల్టు పట్టుకునే లూపులున్నట్టే వేలిని మడిచే స్నాయువుకు కూడా ఉంటాయని, నాకు అందులో ఒకటి చిరిగిందని చెప్పాడు. వారం ముందే వచ్చి ఉంటే సగం చిరుగుతోనే పోయేదట. ఆపరేషను అక్కర్లేదు. వేలికి గట్టి ప్లాస్టిక్ ఉంగరం ఒకటి బిగించి, ఆరు వారాలు ఆ చేత్తో చెంచా కంటే బరువైనది ఎత్తవద్దన్నాడు. లేచి వస్తుంటే అడిగాడు, "ఇంతకీ పట్టు పెంచుకుని ఏం చేద్దామని?"

నేను తలుపు వైపు నడిచాను. జవాబు మా ఆవిడ చెప్పింది. "ఈయన బామ్మర్దికి షేక్‌హ్యాండు ఇచ్చేదానికి సార్."

ఆమెకు మొదటినుంచీ తెలుసు.

ఇంటికొచ్చాక మా నాన్న నా చెయ్యి ముందుకు లాక్కుని ప్లాస్టిక్ ఉంగరాన్ని పరీక్షగా చూశాడు. "నేను ఇన్నేండ్లు మిషను పట్టినాను. బండ పగిలింది గాని నా వేలికి ఏమీ కాలేదు. నువ్వు స్ప్రింగు పట్టుకోని ఇరగ్గొట్టుకున్నావు," అన్నాడు. నవ్వబోయాడు. ఆయనకు నవ్వు మొదలైతే దగ్గులోకి పోతుంది. గనిలో పీల్చిన దుమ్ము అది. దగ్గు తగ్గేదాకా నేను నీళ్ళ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాను. తగ్గాక ఆయన మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

ఆరు వారాలు ముద్ద కలుపుకోవడానికి లేదు. రాగిముద్దను చెంచాతో తినే మనిషిని మా వీధిలో అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. ఆరు వారాలయ్యాక డాక్టరు, ఇక వేళ్ళకు మెల్లగా పని చెప్పమని, మెత్తని బంకమట్టిలాంటిది పిసకమని చెప్పాడు. అది చలికాలం, అనపకాయల కాలం. మా ఆవిడ నానబెట్టిన అనప గింజల గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"మట్టి ఎందుకు, పితికేయి ఇవి. నీకు వేలు వస్తాది, నాకు పప్పు వస్తాది."

గింజను బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ముందుకు దూకాలి. మొదటి రోజు నాకు పది గింజలకే వేలు సలిపింది. గ్రిప్పరు మూసిన వీరుణ్ణి, అనపగింజ దగ్గర ఓడిపోయాను. వారం తిరిగేసరికి గిన్నెడు పితికాను. వీధిలో తెలిసిపోయింది. పక్కింటావిడ, ఎదురింటావిడ కూడా నానిన గింజలు తెచ్చి పెట్టి, "వేలికి మంచిదంట కదన్నా," అని వెళ్ళేవారు. సాయంత్రం వచ్చి పప్పు పట్టుకుపోయేవారు.

అలా ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని పితుకుతుంటే లక్కూరునుంచి బామ్మర్ది వచ్చాడు. నా వేలు చూడ్డానికి వచ్చాడని అనుకున్నాను. కూర్చున్నాడు. చెయ్యి చాచలేదు. రెండు చేతులూ లుంగీ మడతలో పెట్టుకున్నాడు. కాసేపటికి తనే, తోచక, గిన్నెలోంచి గింజ తీసుకున్నాడు. అది వేళ్ళలోంచి జారిపోయింది. ఇంకొకటి తీశాడు, అదీ పడిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"తిమ్మిరి బావా. మూడు వేళ్ళు ఉండాయో లేవో తెలిసేదే లేదు. పొద్దున చెంబు కూడా జారిపోయింది." అతను అరుగు కేసి చూస్తూ చెప్పాడు. "అక్కకు చెప్పద్దు. నువ్వు చూపించుకున్న డాక్టరు యాడుండాడో చెప్పు."

ఐదు నెలలు నేను ఈ చెయ్యి నలపాలనే కలగన్నాను. ఇప్పుడైతే సులువుగా నలపొచ్చు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను, వచ్చింది. వచ్చి, సిగ్గేసి పోయింది. మరుసటి శనివారం తమక తీసుకెళ్ళాను. ఏళ్ళ తరబడి పాలు పిండడంవల్ల మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని, చిన్న ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పాడు. నన్ను, అతన్ని మార్చి మార్చి చూసి, "షేక్‌హ్యాండు బామ్మర్ది ఈయనేనా?" అన్నాడు. బామ్మర్దికి అర్థం కాలేదు. బస్సులో చెప్పాను. సుగటూరు వైపు వెళ్ళే రోడ్డు దాటేదాకా అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆ తర్వాత, "ఐదు నెలలా?" అని అడిగి మళ్ళీ నవ్వాడు.

ఆపరేషనయ్యాక మొదటి ఆదివారం నేను, మా ఆవిడ లక్కూరు వెళ్ళాం. అతను మంచం మీద చేతికి కట్టుతో, వచ్చినవాళ్ళందరికీ నొప్పి వర్ణిస్తున్నాడు. నేను పెరట్లోకి వెళ్ళాను. అతని భార్య ఐదో ఆవు దగ్గరనుంచి లేచి ఆరో ఆవు దగ్గర కూర్చుంటోంది.

"పాపం, ఇప్పుడు ఆరూ నీ మీదే పడినాయి కదమ్మా," అన్నాను.

"ఇప్పుడేమి అన్నా, ముందు మాత్రం? ఆయన మూడు, నేను మూడు. ఆయన ఊరికి పోతే ఆరూ నేనే. పెండ్లయిన మర్నాటినుంచి."

బక్కెట్లో పాలు నురగ కడుతున్నాయి. నేను అడగాల్సిన మాట అప్పటికి తట్టింది.

"నీకు తిమ్మిరి రాలేదా?"

ఆమె పిండడం ఆపకుండానే చెప్పింది. "వస్తాది. ఆయనకంటే ముందరే వచ్చింది. విదిలించుకోని మళ్ళీ కూర్చుంటా."

ఇన్నేళ్ళలో ఆ చేతుల గురించి ఎవరూ అడగలేదు. ఆమెకు షేక్‌హ్యాండు ఇచ్చినవాళ్ళు లేరు, ఆమె పట్టు గురించి వీడియో తీసినవాళ్ళు లేరు. లోపలికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. మా ఆవిడ తమ్ముడి మంచం దగ్గరికి వెళ్ళి చాలా నెమ్మదిగా ఏదో అంది. నొప్పి వర్ణన ఆగిపోయింది.

ఆ తర్వాతి శనివారం తమకకు నలుగురం వెళ్ళాం. ఆమెకు రెండు మణికట్లకూ పట్టీలు వేశారు. కుడిచేతికి తర్వాత ఆపరేషను కూడా అయింది. పాలు తీసే మిషను ఆ నెలలోనే వచ్చింది. లక్కూరులో ఎవరైనా చూడ్డానికి వస్తే బామ్మర్ది, "నా చేతికోసం కొన్నాను," అని మొదలుపెడతాడు. భార్య వినబడేంత దూరంలో ఉంటే, "మా చేతులకోసం," అంటాడు.