తంపట దగ్గర మా అత్తగారి ముక్కు

మా అత్తగారి ముక్కంటే మా వీధిలో అందరికీ హడలే. పక్కింట్లో పోపు మాడితే మా వసారాలోంచి కేకేసి చెప్పేవారు. నా పప్పు అడుగంటకముందే "అమ్మాయ్, దింపు" అనేవారు. ఆ "దింపు" విని విని నాకు ఒళ్లు మండిపోయేది.

చలికాలంలో తేగల తంపట ఆవిడ రాజ్యం. కుండ నిండా తేగలు నిలబెట్టి, మూతికి గడ్డి కుక్కి, పెరట్లో బోర్లించి, పైన ఎండు తాటాకులూ కంపా వేసి అంటిస్తారు. మంటంతా బయటే. లోపల తేగలు తమ చెమ్మలో తామే మగ్గాలి. ఏం జరుగుతోందో కంటికి కనపడదు, అయిందని చెప్పాల్సింది వాసనే. ఆవిడ పీట వేసుకుని, ముక్కెగరేసి కూర్చుని, "ఇక లాగండి" అంటారు. ఆ మాట రాకుండా కుండ ముట్టుకుంటే ఇంట్లో యుద్ధమే. కొత్తకోడలిగా ఓసారి తొందరపడి కర్రతో కదిపాను. ఎన్నాళ్లో నాతో మాట్లాడలేదు మహాతల్లి.

పోయిన వానాకాలంలో ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చాయి. అందరం కోలుకున్నాం, ఆవిడా లేచి తిరిగారు. కానీ అప్పట్నుంచి తిండి దగ్గర ఒకటే పేచీ. "ఏంటమ్మాయ్ ఈ పులుసు? నీళ్లా?" అని కంచం తోసేసేవారు. ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ కంపు వీధిలోకి కొడుతోంది, ఆవిడ ఆ పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు! పరుగెత్తి కట్టేసి, "కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట, ఇదేనండీ!" అని నోరు పారేసుకున్నాను. ఆవిడ తలొంచుకుని బెండకాయలు తరుగుతూనే ఉన్నారు. మా ఆయన మాత్రం, "ఇంకోసారి ఇలా జరిగితే అమ్మ వంటింట్లోకి వెళ్లడానికి వీల్లేదు" అని తేల్చేశారు.

మొన్న చలికాలంలో ఆవిడ తంపట వేశారు. మా ఆయన అరటిగెలలు వేసుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్లారు. మా కూతురు అరుగు మీద కూర్చుని ఫోన్లో బార్బెక్యూ విశేషాలు చదువుతోంది.

"నాయనమ్మా, విన్నావా? కాల్చిన తిండికి రుచంతా పొగదేనంట. నాలుక్కి ఉప్పూ పులుపూ లాంటివే తెలుస్తాయంట, మిగతాదంతా ముక్కు పనేనంట!"

మామూలుగా అయితే "నీ ఫోను చెప్పాలా నాకు?" అని దులిపేసేవారు. ఆ రోజు కొంగు సర్దుకుని మంట వంక చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి కమ్మటి వాసన లేచింది. ఆవిడ మొహంలోకి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వాసన చేదెక్కింది. ఆవిడింకా ముక్కెగరేసి అలాగే కూర్చున్నారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు, ఆవిడ అనకుండా ఎలా అనను? పెరడంతా మాడు కంపు కమ్మేసింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, మనవరాలికి వినపడకుండా అడిగారు.

"అమ్మాయ్, వాసన వచ్చిందా?"

ఆ చేతి మీద నా రెండో చెయ్యి వేశాను.

"ఇప్పుడేనండీ, అత్తయ్యగారూ," అన్నాను.

కుండ లాగి గుమ్మరించాం. తొక్కలు బొగ్గు. ఒకటి చీలిస్తే లోపలి లేత మొలక, చందమామ కూడా నల్లగా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని ఆవిడ చాలాసేపు చూశారు.

"జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఏమీ తెలియట్లేదే. వాడికి చెప్పకు. పొయ్యి దగ్గరికి రానివ్వడు. వంటింట్లో కూడా లేకపోతే ఈ ఇంట్లో నేనెవర్నే?"

"చెప్పనండి," అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఇప్పటికీ చెప్పలేదు. తప్పు చేస్తున్నానేమో, భయంగానే ఉంది. రోజూ ఆవిడకంటే ముందు లేచి, లైటు కూడా వెయ్యకుండా వంటింటి గుమ్మంలో నిలబడి గాలి పీల్చి చూస్తాను. ఏమీ లేదని తేలాక కిటికీ తెరుస్తాను. ఈలోగా ఆవిడ వచ్చి అగ్గిపెట్టె అందుకుంటారు. ఇన్నేళ్లు నాకు "దింపు" అని చెప్పిన మనిషి, పుల్ల గీసేముందు నా మొహంలోకి చూసి అడుగుతారు.

"అమ్మాయ్, అంటించనా?"