పగిలిన తల, పగలగొట్టిన తల

మా తమ్ముడు సాయిలు మత్తుమందు కలిపిన కల్లుకు బానిస. మాన్పిస్తానని పంతం పట్టి నేనే మూడు రోజులు గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. ఈ పొద్దున అన్నం పెడదామని తలుపు తీయగానే రోకలితో నా తల పగలగొట్టాడు, చెయ్యి కొరికాడు. వాణ్ణి చెరకు మోపులాగా కట్టి బోధన్ నుంచి నిజామాబాద్‌లోని ప్రైవేటు దవాఖానకు తెచ్చాం.

బీమా కార్డులు చూసే ఆమె అన్నది: "పెద్దాయనా, నీ తలకు కార్డు నడుస్తది. ఆయనది పిచ్చి, అది కార్డుల రాదు. పైసలు కట్టుండ్రి."

"పగిలిన తలకు ఇస్తరు, పగలగొట్టిన తలకు ఇయ్యరా? వాన్ని చేర్చుకునేదాంక నాకు కుట్లెయ్యద్దు!" అని ఆమె బల్ల మీదికి వంగాను. కాగితాలన్నీ రక్తమయ్యాయి.

డాక్టరమ్మ ఉరుక్కుంటూ వచ్చింది. "ఒంటి రోగమైనా మనసు రోగమైనా బీమా ఇయ్యాలని చట్టమే ఉన్నది, చేర్చుకోండ్రి" అని ఆమెను కసిరింది. కల్లు ఒక్కసారే బంద్ చేస్తే ఇట్లనే అయితదని నన్నూ తిట్టింది. తప్పు నాదే, ఒప్పుకున్నాను.

సాయంత్రం పక్క మంచం మీద సాయిలు కళ్ళు తెరిచి నా కట్టు చూశాడు.

"అన్నా, ఎవడు కొట్టిండే నిన్ను? సంపుత వాన్ని!"

మీరైతే ఏం చెబుతారు?