పట్టుపురుగుల గదికి వెచ్చదనం

ఇళ్ళు వెచ్చగా ఉంచుకోవడం గురించి చిత్తూరు గ్రంథాలయంలో నేను చదివిన పుస్తకాలన్నీ చలిదేశాల వాళ్ళు రాసినవే. పలమనేరు వైపు మార్గశిర మాసంలో పట్టుపురుగులకు ఏ పొయ్యి మేలో ఒక్కరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బొగ్గంతా బస్సులే మింగేస్తుంటే మా కుంపటికి కరువొచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ పెంచుతున్న పురుగులు చలికి ఆకు ముట్టడం మానేశాయి. తినకపోతే గూడు కట్టవు. అమ్మ పడ్డ పాటంతా పెంటకుప్ప పాలు.

"నాయనా, ఊక పొయ్యి పెడదాం. ఖర్సుండదు, వేడి శానాసేపు నిలస్తాది," అన్నాను.

"యాడ సదివినావు?"

"లైబ్రరీలో."

"అయితే పెట్టు."

ఖర్చు లేని మాట నిజమే. పొగ మాత్రం గదినిండా కమ్మింది. పురుగులన్నీ తలలెత్తి నావైపు చూశాయి. అమ్మా చూసింది. పురుగులున్న తట్టలన్నీ ముంగిట్లోకి మోసి, పొగంతా పోయాక మళ్ళీ లోపల పెట్టాం.

తరువాత, వంటయ్యాక మిగిలిన నిప్పు మీద ఇసుక కాచి కుండల్లో నింపి గదిలో పెట్టాను. పొగ లేదు, కట్టెల దండగ లేదు. గది హాయిగా ఉందన్న సంగతి ఇంట్లో పాకిపోయింది. ముందు చిన్నాయన చాప తెచ్చుకున్నాడు. వెనకే పిన్నమ్మ, పిల్లలు. చివరికి అవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది, బుగ్గన పొగాకుతో. పొగాకు వాసన పురుగులకు విషం.

"పొగాకు ఊసేసి, నోరు పుక్కిలించి రా అత్తా," అంది అమ్మ.

"పురుగుల కోసరం మానాల్నా? మీ మామ సెప్తేనే మాన్లేదు నేను!"

"అయితే బయటే పండుకో."

అవ్వ వెనక్కి తిరిగి మంచును చూసింది.

"ఈటికుండే బోగం నాకు లేదు గదే," అంటూ నోరు కడుక్కొచ్చింది.

ఇసుక చల్లారినా గది చల్లారలేదు. అంతమంది ఒంటివేడి ముందు కుంపటి ఏపాటి! తెల్లారేసరికి తట్టల్లో ఆకు కొరికే చప్పుడు.

"సూడు, నేనొచ్చినాకే తింటాండాయి," అంది అవ్వ.

"నువ్వు పొగాకు ఊసినాక," అంది అమ్మ, మొహమంతా నవ్వుతో.

పురుగులు గూళ్ళు కట్టాయి. నిప్పిచ్చిన అమ్మకు, ఊక పొయ్యి తరువాత కూడా నన్ను నమ్మిన నాయనకు, వేడినిచ్చిన పిన్నమ్మకు, పిల్లలకు, గురక మినహాయించి చిన్నాయనకు నా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా, ఆఖరి గూడు పూర్తయ్యేదాకా పొగాకు ముట్టకుండా, దానికి బదులు మమ్మల్నందర్నీ తిట్టుకుంటూ కాలం గడిపిన అవ్వకు.